బీకరులో కొబ్బరినీళ్లు

రాజోలు దగ్గర మా హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను, క్రిస్టీనా టీచరు సైన్సు చెబుతుంది. నాకు ముక్కు మీద కోపం. ఆవిడకు కోపం రావడం నేను ఎరగను, ఒక్క విషయంలో తప్ప. బీకరు, పరీక్షనాళిక, గరాటు, పిప్పెట్, సారా దీపం అని పేర్లన్నీ గడగడా అప్పజెప్పినా సరే, “లాబులో ఏదీ నోట పెట్టకూడదు” అని పిల్లలు ముందుగా అనకపోతే బీరువా తాళం తియ్యదు.

ఆ మాట ఆవిడకు నేర్పింది నతానియేలు మాస్టారు. టీచరు వాళ్లమ్మ సుందరి గారు ఊడ్పులకు వెళ్తూ కూతుర్ని ఇదే బడికి పంపిన రోజుల్లో, ఆ పిల్ల చేతికి మొదటి పరీక్షనాళిక ఇచ్చింది ఆయనే. తండ్రి లేని పిల్లకు తండ్రంతటివాడు. రిటైరై చాలాకాలమైన ఆయన్ని మొన్న సైన్సు ఫెయిరుకు ముఖ్య అతిథిగా పిలిచాం.

ఆ ఉదయం టీచరు పిల్లల ప్రదర్శన కోసం పెద్ద బీకరు నిండా లెడ్ నైట్రేట్, అంటే సీసం ఉండే విషపు ద్రావణం, కలిపి బల్ల మీద పెట్టింది. చూడ్డానికి అచ్చం మంచినీళ్లే. అందులో పొటాషియం అయొడైడ్ చుక్కలు వేస్తే పసుపుపచ్చని అవక్షేపం, అంటే కరగని పొడి, అడుగుకు దిగుతుంది. ఇంకా చీటీ అంటించనే లేదు, మాస్టారొచ్చేరని కేక వినబడింది. ఆవిడ పరుగెత్తింది.

పదో తరగతి అనిత వాళ్ల నాన్న లోవరాజు కొబ్బరి దింపు తీస్తాడు. అతిథుల కోసం గెలలు గెలలు బొండాలు దింపుకొచ్చాడు. తీరా చూస్తే గ్లాసులు చాల్లేదు. పెద్దాయన చేతికి బొండం ఇచ్చి ఎత్తి తాగమనడం ఏం మర్యాద అనుకుని, లాబులో బోర్లించిన బీకర్లు పట్టుకొచ్చి వాటిలో నీళ్లు పోశాడు.

“మా చెట్టు కాయలండీ. తియ్యగా ఉన్నాయాండీ?”

“ఆయ్, చాలా బాగున్నాయండీ,” అన్నారు మాస్టారు, సగం తాగేసి.

మిగతా అతిథుల్ని కూర్చోబెట్టి అప్పుడే లోపలికి వచ్చిన టీచరు ముఖం నేనింకా మరిచిపోలేదు. ఆయన చేతిలోంచి బీకరు లాక్కుంది. గురువు చేతిలోంచి! నేను నోరు తెరిచే లోపే ఆవిడ అడిగింది:

“లోవరాజు గారూ, వీటిని దేంతో కడిగేరు?”

“మన బోరు నీళ్లు ఉప్పు కదండీ. పెద్దాయనకి ఉప్పునీళ్లతో కడిగి ఇస్తామాండీ? బల్ల మీద పెద్ద బీకర్లో మంచినీళ్లు కనబడితే, వాటితో తొలిపేనండీ.”

టీచరు డ్రాపరుతో పొటాషియం అయొడైడ్ తీసి, మాస్టారు తాగగా మిగిలిన కొబ్బరినీళ్లలో చుక్కలు వేసింది. కాకూడదు దేవుడా అనుకున్నాను. నీళ్లలో పసుపు రంగు తేలింది.

సీసం. మాస్టారి కడుపులో సీసం ఉంది. మిగతా బీకర్లు ఎవరూ ముట్టకముందే ఒలకబోశాం. లోవరాజు నేల మీద కూలబడి తల బాదుకున్నాడు. మేం మాస్టారిని కారెక్కించి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు అంతా విని, లోపలికి వెళ్లింది కొద్దిగానేనని, రక్తపరీక్షలు చేసి కనిపెట్టి ఉండాలని చెప్పాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న టీచరు భోరుమంది.

“బీకరని చూసేరు కదా మాస్టారూ! నోట పెట్టకూడదని నాకు నేర్పింది మీరే కదా!”

“చూసేనమ్మా,” అన్నారాయన నెమ్మదిగా. “రెండు చేతులతో ఇచ్చేరు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు కదమ్మా.”

తెలిసి తాగాడు ఈ మహానుభావుడు. ప్రాణం మీదికొచ్చినా సరే, ఎదుటివాడి ముఖం చిన్నబోకూడదు. కాల్చనా ఇలాంటి మర్యాదని అనుకున్నాను.

మాస్టారు క్షేమంగా ఇల్లు చేరారు. ఆ తర్వాతి సోమవారం, నేను పీరియడు ముగించుకుని వస్తూ లాబు గుమ్మం దగ్గర ఆగాను. టీచరు ఒక బీకరులో నీళ్లు పోసి, రెండు చేతులతో పట్టుకుని, పిల్లల దగ్గరికి వరసగా వెళ్తోంది.

“పుచ్చుకోండి నాన్నా. వద్దండీ అనాలి. ఇవాళ్టి పాఠం అంతే.”

ముందే చెప్పినా సరే, ఒక్కొక్కరే సిగ్గుపడుతూ చెయ్యి చాస్తున్నారు. లోవరాజు కూతురు అనిత మాత్రం తల వంచుకుని, కళ్లనీళ్లతో, “వద్దండీ” అంది.

టీచరు ఆ పిల్ల తల నిమిరి, గుమ్మంలో నన్ను చూసి ఇటు వచ్చింది.

“ఎండన పడి వచ్చేరు మాస్టారూ. కాసిని పుచ్చుకోండి.”

“అయ్యో, మీకెందుకండీ శ్రమ,” అంటూ అందుకున్నాను. బీకరు అంచు పెదవికి తగిలాక గానీ నాకు తెలియలేదు.