వ్యాను కప్పు మీద రెండో ఏసీ

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక నేను ఒక పాత వ్యాను కొన్నాను. అంతకుముందే ఎవరో దాన్ని క్యాంపర్‌గా మార్పించారు. వెనక ఒక మంచం, మధ్యలో చిన్న గట్టు మీద గ్యాస్ పొయ్యి, పక్క అరలో జనరేటరు. "ఇంట్లో మంచం చాల్లేదా మీకు?" అని నా భార్య మొదట విసుక్కుంది గానీ, రెండు నెలలు తిరక్కముందే దానికి తనే కర్టెన్లు కుట్టింది.

కప్పు మీద ముందువైపు ఏసీ బిగించింది నరసరావుపేటలో మా వీధి చివర షెడ్డున్న మెకానిక్కు. లారీలకు, అంబులెన్సులకు ఏసీలు పెట్టడం ఆయన పని. ఊళ్లో అందరూ భాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆ ఏసీ ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఆ వేసవిలో మాచర్లలో ఉండే మా అక్క బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగి, గుంటూరులో ఆపరేషన్ చేశారు. నెలకోసారి తీసుకొచ్చి చూపించమన్నారు. ఆమె కూర్చోలేదు, పడుకోబెట్టే తీసుకెళ్లాలి. "నా వ్యాను ఉంది కదా" అన్నాను. అలా అనగలిగినందుకు సంతోషంగా కూడా ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ముందున్న చల్లగాలి వెనక మంచం దాకా రానేలేదు. గురజాల దాటేసరికి అక్క జాకెట్టు చెమటతో తడిసిపోయింది. బావ ఎక్స్‌రే కవరు పట్టుకుని దారి పొడుగునా విసురుతూనే ఉన్నాడు. "పొయ్యి మీద పెట్టినట్టుందిరా తమ్ముడూ" అంది అక్క. ఆ మాట నాకు గుచ్చుకుంది. వచ్చే నెలకల్లా మంచం మీద ఇంకో ఏసీ పెట్టించాలనుకున్నాను.

భాయ్ వచ్చి వ్యాను ఎక్కి, కప్పును వేళ్లతో కొట్టి చూశాడు.

"పెట్టొచ్చు సార్. కాకపోతే ఈడ రేకు చానా పల్చన. రంధ్రం కోస్తే అడ్డపట్టీ ఒకటి తెగుద్ది. తెగితే కింద చుట్టూరా ఫ్రేము వెల్డింగు చెయ్యాలి, లేకపోతే బరువుకి కప్పు కుంగుద్ది. కరెంటు లైను కూడా విడిగా లాగాలి. పాత వైరు మీద రెండూ ఏయమాకండి. నాకు పది రోజులు టైమియ్యండి."

అక్కను తీసుకెళ్లాల్సింది ఆరు రోజుల్లో. అదే కారణమని అందరికీ చెప్పాను. అసలు సంగతి అది కాదు. వైరు ఎంత కరెంటు మోస్తుందో నాకు చెప్తున్నాడా ఈయన, అనిపించింది. నా దగ్గర చదువుకున్నవాళ్లలో ఇంజనీర్లయినవాళ్లు ఎంతమందో! ఫోన్లో నాలుగైదు వీడియోలు చూశాను. ఏసీ తెప్పించాను. భాయ్‌కి మాటమాత్రం చెప్పకుండా పని మొదలుపెట్టాను.

నా భార్య నిచ్చెన పట్టుకుంది. పద్నాలుగు అంగుళాల చదరం గీసి, మిషను రంపంతో కోశాను. భాయ్ చెప్పినట్టే అడ్డపట్టీ అడ్డం వచ్చింది. దాన్నీ కోసేశాను. ఫ్రేముకు బదులు చుట్టూ సీలెంటు బంక దట్టంగా పూశాను. పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీ మనుషులు ఏసీని పైకెత్తి ఇచ్చారు. పాత వైరుకే కలిపి రెండూ ఆన్ చేస్తే, నిమిషంలో బ్రేకరు పడిపోయి కరెంటు ఆగింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ పడింది. అప్పుడు నేను బజారుకు వెళ్లి ఇంకా పెద్ద బ్రేకరు తెచ్చి బిగించాను.

ఈ ఒక్క పని గురించి తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. ఫ్యూజు పోయిందంటే అది మిమ్మల్ని కాపాడిందని అర్థం, దాని బదులు లావు తీగ పెట్టేవాడు ఇల్లు తగలబెట్టుకుంటాడు అని ఏటేటా బోర్డు ముందు నిలబడి చెప్పినవాణ్ణి నేను.

"ఒక్కసారి భాయ్‌ని చూడమనండి" అంది నా భార్య.

"నాకు తెలియదా?" అన్నాను.

గుంటూరు వెళ్లేటప్పుడు వ్యాను వెనకంతా చల్లగా ఉంది. అక్క దుప్పటి అడిగింది. "మాస్టారూ, ఇదీ బండంటే!" అన్నాడు బావ. నేను స్టీరింగు దగ్గర కూర్చుని పొంగిపోయాను.

తిరిగి వస్తుంటే, పిడుగురాళ్ల దాటాక గాలివాన పట్టుకుంది. మధ్యాహ్నం నాలుగింటికే ఆకాశం నల్లబడింది. కాసేపటికి వెనకనుంచి బావ కేక. అద్దంలో చూస్తే ఏసీ చుట్టూ ఉన్న సందుల్లోంచి నీళ్లు ధారగా అక్క మీద పడుతున్నాయి. ఆమె కదల్లేక, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. అదే సమయంలో కాలిన ప్లాస్టిక్ వాసన. గోడ పక్కన వైరు పోయినచోటునుంచి సన్నగా పొగ లేచింది.

ఎదురుగా కనిపించిన పెట్రోలు బంకు వైపు తిప్పబోయి, పొగ గుర్తొచ్చి బయట రోడ్డు పక్కనే ఆపేశాను. జనరేటరు ఆపాను. బావా నేనూ అక్కను పరుపుతో సహా ఎత్తి, వానలో నడిచి, బంకు ఆఫీసు వసారాలో పడుకోబెట్టాం. ఆమె నొప్పితో పళ్లు బిగబట్టింది. కట్టు పూర్తిగా తడిసిపోయింది.

"ఎవడు బిగించాడు దీన్ని?" అన్నాడు బావ.

ఆలోచించుకుని అబద్ధమాడానని చెప్పలేను. నోటికి వచ్చేసింది. "ఆ భాయే" అన్నాను.

బావకు క్వారీ ఉంది, రెండు లారీలున్నాయి. నా మాట మీదే వాటి ఏసీ పనులు భాయ్ దగ్గరికి వచ్చేవి. నంబరు ఆయన ఫోన్లోనే ఉంది. అక్కడే స్పీకరు పెట్టి మాట్లాడాడు.

"ఏంది భాయ్, మనుషులు పడుకునే బండికి ఎట్టా బిగించావు? కప్పులోంచి నీళ్లు, వైర్లలోంచి పొగ! నా భార్య చచ్చేది ఇయ్యాల! నీకు పని చేతనయిద్దా కాదా?"

నేను బావకు రెండడుగుల దూరంలో, ఇంకా ఆ పొగకు దగ్గుతూ నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్పేస్తాడు, అది నేను చెయ్యలేదంటాడు, నా పని అయిపోయింది అనుకున్నాను.

"అమ్మగారికి ఏమన్నా అయిందా సార్?" అన్నాడు భాయ్. ఏమీ కాలేదన్నాడు బావ. "బండి తీసుకురండి, చూస్తా" అని భాయ్ ఫోన్ పెట్టేశాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఊరట. అది దాచుకోవడం ఎందుకు?

బావ ఇంకో బండి పిలిపించి అక్కను మాచర్ల తీసుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే నేను వ్యానును షెడ్డుకు తీసుకెళ్లాను. భాయ్ పైకెక్కి చూశాడు. కప్పు పళ్లెంలా కుంగి ఉంది, అందులో వాన నీళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. లోపలికి దిగి, బ్రేకరు ఊడదీసి, చేతిలో తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"భాయ్, నిన్న ఫోన్లో నువ్వెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మీరు పక్కనే ఉన్నారు కదా సార్. మీ దగ్గు వినపడతానే ఉంది. మీరే చెప్తారనుకున్నా."

తప్పయిపోయిందన్నాను.

"నాకెందుకు సార్ చెప్పడం? తప్పెవరిదో నాకు తెలుసు గదా. ఆయనకు చెప్పండి. పొద్దున ఆయన డ్రైవరు ఫోన్ చేసి, లారీ ఇంక పంపనన్నాడు."

చెప్తానన్నాను. చెప్పడానికి పదకొండు రోజులు పట్టింది నాకు. ఈలోపు భాయ్ ఫ్రేము వెల్డింగు చేశాడు, కొత్త లైను లాగాడు, కప్పు మీద బకెట్లతో నీళ్లు పోసి చూసుకున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా కుర్చీ వేయించేవాడు గానీ మాట కలిపేవాడు కాదు.

చివరికి బస్సెక్కి మాచర్ల వెళ్లి, అక్క మంచం పక్కన కూర్చుని, బావతో అంతా చెప్పాను. బావ మొహం ఎర్రబడింది.

"ఒరేయ్, నాతో అంతలేసి మాటలు అనిపించి, నోరు మూసుకుని నిలబడ్డావా నువ్వు? పిల్లలకు పాఠాలు చెప్పినోడివి!"

ఏనాడూ నన్ను మాస్టారూ అనే తప్ప ఒరేయ్ అనని మనిషి. అప్పుడు అక్క కళ్లు మూసుకునే అంది: "నాకు తెలుసండీ. ఆ రోజు నేను ఫోన్ చేస్తే రంపం మోత వినపడింది. ఏందిరా అంటే, కప్పు కోస్తన్నానక్కా అన్నాడు."

ఆ ఫోన్ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను.

"మరి బంకులో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు బావ.

"మీ ముందు వాడి పరువు పోతదని."

వానలో తడిసి, నొప్పితో పడుకుని, నా అబద్ధాన్ని విని ఊరుకుంది ఆమె. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

బావ అప్పుడే భాయ్‌కి ఫోన్ చేసి, పొరపాటున అన్నానని చెప్పాడు. తర్వాత ఒక లారీ మళ్లీ ఆ షెడ్డుకు వచ్చింది. రెండో లారీ డ్రైవరు అప్పటికే చిలకలూరిపేటలో ఇంకొకణ్ణి చూసుకున్నాడు, అది రాలేదు.

మళ్లీ నెల అక్కను గుంటూరు తీసుకెళ్లాం. నీళ్లు కారలేదు, వైరు వేడెక్కలేదు. తిరిగొచ్చేటప్పుడు సత్తెనపల్లి దారి వద్దు, నరసరావుపేట మీదుగా పొమ్మంది అక్క. షెడ్డు ముందు ఆపించింది. అప్పటికి వాకరు పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలుగుతోంది. దిగొద్దని బావ అంటున్నా వినలేదు.

భాయ్ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"అయ్యా, ఆ రోజు ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నా. మా తమ్ముడు ఒకడిదే కాదు, తప్పు నాది కూడా" అంది అక్క.

"అయ్యో, అంత మాటొద్దమ్మా, ముందు కూర్చోండి" అని భాయ్ కంగారుగా కుర్చీ కోసం లోపలికి పరిగెత్తాడు. కూర్చోలేనని అక్క నవ్వుతూ చెప్పింది. ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారు, ఆపరేషన్ గురించి, ఎండల గురించి. నేను ఆమె మందుల సంచీ పట్టుకుని వ్యాను తలుపు దగ్గర నిలబడ్డాను. భాయ్ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూడాలని అడిగే హక్కు నాకు లేదు.