కండ్లకద్దుకున్న పెట్రోలు

డిండోలి మిల్లు బస్తీల మా పక్కింటి కాక, పెద్దోళ్లుండే అడాజన్‌ల ఒక సేఠ్ కారు నడిపేటోడు. మక్క పండించే ఇంట్ల పుట్టినోడు. కాలికి గింజ తగిలినా తీసి కండ్లకద్దుకునేది ఆయన అలవాటు.

కరోనాల బట్టనేసే సాంచెలు బందై, మా గల్లీ అంత దానంగ పంచే ఖిచిడీ లైన్ల నిలవడ్డది. గప్పుడే సేఠ్ చెప్పిండట, పెట్రోల్ల మక్కలతోని తీసిన ఇథనాల్ కలుపుతున్నరని. ఆనాటి నుంచి పంపుకాడ చుక్క కింద పడితే కాక దాన్ని వేలికంటించుకొని కండ్లకద్దుకునేటోడు. కండ్లు ఎర్రగ మండుతుండె.

"కాకా, గది తినే మక్క కాదు, కండ్లు పోతయి," అన్న నేను.

"సేఠ్‌కు ఏసీ చల్లగుండాలని నిలవెట్టిన బండి ఇంజన్ గూడ నేను బంద్ చెయ్య బిడ్డా. ఉత్తగ కాలేది తిండే గదా," అన్నడు.

ఆ రాత్రి మా అమ్మ గిన్నెల ఖిచిడీ తెచ్చిస్తే కాక ముట్టలే.

"నా వంతు బండిల పోసిన వదినా," అని గిన్నె వాపసు జరిపిండు.