కుంట తేటపడిన పొద్దు

తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు, శ్రావణ మాసం రెండో సోమవారం, పొద్దున ఆరు గంటలు. కమాన్‌పూర్ వైపు మా ఊరి కుంట గట్టు మీద నిలబడి, నీళ్లు చూసి సంతోషపడ్డాను. ఎప్పుడూ పసరు రంగులో ఉండే కుంట అడుగు కనిపించేంత తేటగా ఉంది.

"మంచిగైనయ్ గదనే నీళ్లు," అన్నాను మా చెల్లెతో. భర్త పోయాక ఆమె ఆ కుంటను వేలం పాటలో పట్టి చేపపిల్లలు వదిలింది. ఆ ఏడు ఇల్లు గడవాల్సింది వాటి మీదే.

ఆమె మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచింది. పచ్చదనం సరిగా ఉంటే ఆ లోతులో అరచెయ్యి కనపడకూడదు. గోళ్లు కూడా కనపడుతున్నాయి.

"తిండి లేదన్నా. అటు సూడు."

చేపపిల్లలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

ఏం చెడినా మేము మొదట తిట్టేది బొగ్గు గనినే. నేను పనిచేసే ఓపెన్‌కాస్టు గని నుంచి తోడిపోసే నీళ్లను నేనూ తిట్టాను.

"ఆ పంపు వారం సంది బందే ఉన్నది. నువ్వు డ్యూటీకి పోతున్నవా, పండుకోనీకి పోతున్నవా?" అంది చెల్లె.

అప్పుడే మా అక్క భర్త మొదటి షిఫ్టుకు సైకిల్ మీద వచ్చాడు. ఆయన వరి మడి కుంటకు ఎగువనే.

"బావా, పొలంల ఏమన్న మందు ఏసినవా?" అడిగింది చెల్లె.

"గడ్డి మందు ఇసుకల కలిపి చల్లిన. కలుపుకు మనుషులు ఏడ దొరుకుతుండ్రు? వానకు గట్టు తెగుతదని మడి నీళ్లు కిందికి ఇడిసి డ్యూటీకి పోయిన. నేను గనిల దిగినంక ఎవలు సూస్తరు?" బావ నవ్వాడు. "గడ్డికేసింది చేపలకేం జేస్తదే?"

"చేపలు తినేది గూడ గడ్డే. కండ్లకు ఆననంత సన్నది."

బావ నవ్వు ఆగింది.

ఆ సన్నటి పచ్చదనమే పగటిపూట నీళ్లకు గాలి పట్టిస్తుంది. అది చచ్చి అడుగున పడితే, కుళ్లును తినే సూక్ష్మజీవులు మిగిలిన గాలినీ తాగేస్తాయి. ఇది నేను చాలా తర్వాత, ముసలితనంలో అక్షరాలు కూడబలుక్కుని చదివాక తెలుసుకున్నాను. ఆ పొద్దు చెల్లెకు తెలిసింది ఒక్కటే, నీళ్లను కదిలించాలని. బకెట్ పట్టుకుని దిగింది. ముంచి ఎత్తి పోయడం మొదలుపెట్టింది. నాది రెండో షిఫ్టు, నేనూ దిగాను.

బావ టోపీని సైకిల్‌కు తగిలించాడు.

"డ్యూటీ నాగా పడుతది బావా," అన్నాను.

"పడనియ్. బకెట్ ఇటియ్యి."

ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా పోశాం. రెక్కలు పడిపోయాయి. చాలా చేపపిల్లలు తెల్లటి పొట్టలతో తేలాయి. "సాలు, రాండ్రి," అంది చెల్లె.

దసరా దాటాక గాని నీళ్లు పచ్చబడలేదు. మిగిలిన నాలుగు చేపలు అంగడికి పోయేంత పెరగలేదు. మరుసటి ఏడు చెల్లె పాటకు పోలేదు, కూలికి పోయింది. బావ మళ్లీ గడ్డి మందే చల్లాడు, కలుపుకు మనుషులు దొరకలేదు.

ఆ రోజు కుంటలో ఉన్నది మా చెల్లె, మా బావ, నేను. ఇంకెవరూ రాలేదు.