మెరక మీది ఇల్లు

గోదావరి ఎంత పొంగినా మన గడప తడవకూడదని మా మామగారు బండ్లకొద్దీ మట్టి తోలించి, స్థలం మెరక చేసి, కొత్త పెంకుటిల్లు కట్టించారు. గృహప్రవేశంనాడు ముందు ఆవు లోపల అడుగు పెట్టాలి. మాకు ఆవు లేదు. పొరుగింటి పిన్నిగారు తన ఆవుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తనే తోలుకొచ్చారు.

ఆ వారంలోనే పెద్ద వాన కురిసింది. మామగారి మాట నెగ్గింది, మా గడప తడవలేదు. తెల్లవారి అరుగు మీదికి వచ్చి చూస్తే, మా దొడ్డి నీళ్లన్నీ పల్లంలో ఉన్న పిన్నిగారి తాటాకింట్లోకి దిగి ఉన్నాయి. ఆ ఆవు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉంది. బిందెతో నీళ్లు తోడి బయట పోస్తున్న ఆవిడ తలెత్తి నన్ను చూశారు.

"మీ ఇల్లేం తడవలేదు కదమ్మా? కొత్త గోడలు," అన్నారు.

నేను మా బిందె తీసుకుని అరుగు దిగాను.