ఎలైజా మామయ్య ఇంకా వసారాలోనే ఉన్నాడు

అచ్చయిన స్క్రీన్‌ప్లే పడవలో వచ్చిన రోజున ఎట్టీ సగిగి దాని అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్న ఎవరిదో పేరు చదివి, తన పేరు కోసం కిందికి వెతుక్కుంది. చీమ తలకాయంత అక్షరాల్లో, ‘స్థానిక సలహాదారు’ అని ఉంది. కథ ఆమె మేనమామ ఎలైజాది. చివరి నాలుగు పేజీలు తప్ప రాసిందంతా ఆమే. ఎట్టీ ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మా రేడియో స్టేషన్‌కి వచ్చింది, రోజూలాగే ఆటుపోట్ల వేళలు చదివింది, ఎవరో అడిగిన పాట వేసింది. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నాతో ఒక్క మాట అనలేదు.

ఆమె అనలేదు కాబట్టి నేను అంటున్నాను.

మా థర్స్‌డే దీవిలో ఎలైజా మామయ్యను ఎరగని వాళ్లు లేరు. వయసులో ఉండగా ముత్యపు చిప్పల కోసం సముద్రంలో మునిగేవాడు. ఒకసారి పడవ మీద ఉన్నవాళ్లు తొందరపడి లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగేయడంతో, రక్తంలో గాలి బుడగలు కట్టి ఒక కాలు పడిపోయింది. పడవ యజమాని మర్నాడే ఇంకొకణ్ణి నీళ్లలోకి దింపాడు. మామయ్య వసారాలో చాప వేసుకుని, మా పండుగల్లో పాటకు అడుగులేసి ఆడే ఆటకు కావలసిన బొమ్మలు చెయ్యడం, కొత్త ఆటలు కట్టడం మొదలుపెట్టాడు. చేతిలో పట్టుకుని ఆడే చెక్క సొరచేప ఒకటి చేశాడు, తాడు లాగితే తోక ఊగేది. తల్లి కెయిర్న్స్ పట్నంలో పనికి పోతే ఎట్టీని పెంచిందీ, కుంటుకుంటూనే ఆమెకు ఆట అడుగులు నేర్పిందీ ఆయనే.

ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చిన కొద్దిరోజులకే ఎట్టీ రాయడానికి కూచుంది. సినిమా తియ్యాలని కాదు. ఆయన గొంతు మరిచిపోతానేమోనని భయం. అందులో కొంత రేడియోలో చదివితే, దక్షిణాన పెద్ద నగరంలోని ఒక సినిమా సంస్థ విని, ఒప్పందం పంపింది. స్క్రీన్‌ప్లేకి పన్నెండు వారాలు గడువు.

పన్నెండు వారాలు దాటాయి. ఏడాది దాటింది. రేవులో తాళ్లు కట్టే ఫ్రాంక్, ఎట్టీకి వరసకు బావ, ఆమె కనబడితే వదిలేవాడు కాదు.

“ఏమే ఎట్టీ, నీ సినిమా ఇంకా రాస్తూనే ఉన్నావా? ఈలోగా మా కుక్క రెండు ఈతలు ఈనింది.”

“నీ ఇంట్లో కుక్కకైనా పని తెలుసు బావా, సంతోషం” అనేసి ఎట్టీ నడిచిపోయేది.

నిజానికి చివరి దృశ్యం తప్ప అంతా అయిపోయింది. ఆ దృశ్యం మామయ్య సమాధి రాయి తెరిచే పండుగ. మా దగ్గర మనిషిని పూడ్చగానే సాగనంపడం అయిపోదు. రాయి చెక్కించి, గుడ్డ చుట్టి ఉంచుతాం. చుట్టాలంతా కూడిన రోజున గుడ్డ విప్పుతాం. ఆ రోజు ఏడుపులుండవు. తాబేలు కూర, కొబ్బరిపాలలో ఉడికిన దుంపలు, తెల్లవార్లూ ఆట. అప్పటిదాకా, మామయ్య ఇంటి కట్టుబాటు ప్రకారం, ఆయన కట్టిన ఆట ఎవరూ ఆడకూడదు. గోడమీది సొరచేపకు కూడా మామయ్య భార్య దొర్కా అత్త గుడ్డ కప్పేసింది.

రాయి వచ్చింది. కొట్టంలో ఉంది. రావలసింది మామయ్య పెద్దకొడుకు సిలాస్. పడమట ఎక్కడో ఇనుప గనిలో పనిచేస్తున్నాడు. సెలవు ఇవ్వరు. పెద్దకొడుకు లేకుండా గుడ్డ విప్పరు.

సంస్థవాళ్లు ఫోను మీద ఫోను చేశారు. ఎట్టీ ఇక ఆగలేక ఊహించి రాసేసింది. ఆమె రాతలో సిలాస్ పడవ దిగాడు. సొరచేప గోడ దిగింది. అందరూ ఆడారు, దొర్కా అత్త నవ్వింది. బాగా వచ్చిందనుకుంది. అత్త సంతోషిస్తుందని తీసుకెళ్లి వసారాలో కూచుని చదివి వినిపించింది. ఆ ముసలామె మామయ్య చాప దులుపుతూ విన్నది. దులపడం ఆపింది.

“సిలాస్ వచ్చాడా?”

“రాలేదు అత్తా. అది కథలో.”

“కథలో మీ మామయ్య వెళ్లిపోయాడన్నమాట.” అత్త చాప అంచు సరిచేసింది. “నాకింకా ఆయన ఇక్కడే ఉన్నాడే. పొద్దున్నే చాప పరుస్తున్నా, సాయంత్రం తీస్తున్నా. నువ్వు నాకంటే ముందే సాగనంపేశావు. పైగా నా చేత నవ్వించావు కూడా.”

ఎట్టీ ఆ కాగితాలు మడిచి లోపల పెట్టుకుంది. మర్నాడు రేడియో గది నుంచే సంస్థకు ఫోను చేసి, ముగింపు ఇంకా కాలేదని చెప్పింది. అవతలి ఆవిడ మర్యాదస్తురాలు. రచయితలు చేసే పనే ఊహించడం కదా అంది.

“ఊహించానండీ” అంది ఎట్టీ. “అదే తప్పయింది.”

ఎన్నాళ్లు పడుతుందని ఆవిడ అడిగింది. సిలాస్‌కి సెలవు దొరికేదాకా అని ఎట్టీ చెప్పింది. ఆ జవాబు వాళ్ల ఒప్పందంలో ఎక్కడా ఇమడలేదు. చివరి దృశ్యం నగరంలోని ఒక కుర్రాడి చేత రాయించారు. మర్యాదగానే తెలియజేశారు. గనివాడు సెలవు ఇవ్వకపోవడమూ, సినిమావాడు గడువు ఇవ్వకపోవడమూ నా లెక్కలో ఒకటే. మా మనుషుల్ని ఎప్పుడు సాగనంపాలో కూడా తేల్చేది వాళ్లే.

మొన్న మధ్యాహ్నం టీ తాగుతూ ఎట్టీ తనంతట తానే అంది. “నాకు ఆయన ఆట ఒక్కసారి చూడాలనుంది. రాసి చూసుకున్నాను గానీ చూసినట్టు లేదు.”

సిలాస్‌కి వచ్చే ఏడాది చివర్లో సెలవు ఇస్తామన్నారట. సంస్థవాళ్లేమో ఈసారి వానలు తగ్గగానే కెమెరాలతో దిగుతామంటున్నారు. అద్దె మనుషులతో అద్దె సొరచేప ఆడించి, అత్త వేషం కట్టిన ఒక నటి చేత గుడ్డ విప్పిస్తారట. దొర్కా అత్త ఇంటి ముందరి ఇసుకలోనే.

మీరు మా దీవిని చూసి ఉండరు. పరవాలేదు. ఆ ముసలామె తన చేతులతో రాయి తెరిచేదాకా చివరి దృశ్యం తియ్యొద్దని ఆ సంస్థకు ఒక ఉత్తరం రాయండి. థర్స్‌డే దీవి రేడియో స్టేషన్, ఎట్టీ సగిగి పేరున పంపితే చాలు, అన్నీ మూటగట్టి మేమే అందజేస్తాం. ఏ భాషలో రాసినా సరే. వానలు తగ్గకముందే రాయండి.