సూరయ్య బస్సుకు అడ్డొచ్చిన శకునాలు

మా సూరయ్య మావకు శకునాల పిచ్చి. పిచ్చి అంటే మీ ఇంట్లో బామ్మకుండే పాటిది కాదు. ఆయన శ్రీకాకుళం నుంచి శ్రీముఖలింగం వెళ్ళే బస్సుకు డ్రైవరు, నేను కండక్టర్ని. రోడ్డు మీద నాలుగు కాళ్ళదిగానీ, అసలు కాళ్ళే లేనిదిగానీ కనబడిందంటే చాలు, ఆయన కాలు బ్రేకు మీద పడేది. ముందు సీట్లు ఖాళీ లేవని నేనెంత మొత్తుకున్నా వెనక సీట్ల వాళ్ళు వచ్చి వాటిలో పడేవారు.

అరవై ఎనిమిదిలో అనుకుంటాను, ఆ రోడ్డుకు కొత్తగా తారు వేశారు. అంతకుముందు కంకర రోడ్డు మీద ఎద్దుబండి కూడా మమ్మల్ని దాటిపోయేది. తారు పడగానే బస్సులకూ లారీలకూ ఒళ్ళు తెలియలేదు. పొద్దున్నే వెళితే దారి పొడుగునా అప్పడాల్లా అణిగిపోయిన కప్పలు, పాములు, ముంగిసలు కనిపించేవి. మా బస్సు చక్రాలకు మాత్రం కప్ప నెత్తురు కూడా అంటలేదు. అదంతా శకునాల మహిమ అనుకునేవాళ్ళం.

సూరయ్య దగ్గర ప్రతి జీవికీ ఒక శకునం సిద్ధంగా ఉండేది. పాము అయితే ఆగి దాటనిస్తే దోషం పోతుంది. ముంగిస అయితే పూర్తిగా అవతలికి వెళితేనే ఫలితం. ఉడుము అయితే భూమి తగాదా తీరుతుంది. ఒకసారి కప్ప కోసం ఆపాడు.

"కప్పకి కూడా శకునమేటి మావా?" అన్నాను.

"అది దాటితే అల్లుడు ఇంటికొస్తాడు."

వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "మా అల్లుడు రాకపోతేనే మాకు మంచిది. తోలీ బాబూ!"

జలుమూరు వైపు రైతు సోములు పొలం తగాదా మీద కోర్టుకు వెళుతుంటే నక్క అడ్డొచ్చింది. "నక్కని సూసినావు, కేసు నీదే!" అన్నాడు సూరయ్య. సోములు కేసు ఓడిపోయి, సాయంత్రం అదే బస్సెక్కి డ్రైవరు చొక్కా పట్టుకున్నాడు.

సూరయ్య తొణకలేదు. "ఏ కంటితో సూసినావు?"

"రెండు కళ్ళతోనూ సూసినాను!"

"అదే మరి. కుడి కంటితోనే సూడాల. ఎడం కన్ను మూసుకోమని నాను సెప్పలేదా?"

సోములు ఆలోచనలో పడి చొక్కా వదిలేశాడు.

లొంగనిది ఒక్క గున్నమ్మే. సముద్రం దగ్గర పల్లె నుంచి చేపల గంపతో వచ్చి, మా బస్సులో ఊళ్ళమ్మట తిరిగి అమ్ముకునేది. బస్సు ఆగితే చేప పాడవుతుంది, చేప పాడైతే గున్నమ్మ నోరు లేస్తుంది.

"ఓ సూరయ్యా! మళ్ళీ ఆపీసినావేటి?"

"ముంగిస, అప్పా. దాటనీ."

"నా సేపలు కంపు కొట్టేస్తే అదేటి శకునమో సెప్పు ముందు!"

ఒక్క విషయం మాత్రం నాకు వింతగా ఉండేది. బస్సు కదిలేటప్పుడు ఎవరైనా తుమ్మితే అందరూ "ఆపండి, ఆపండి" అని గోల పెట్టేవారు. ఈ శకునాల మహానుభావుడు మాత్రం వినపడనట్టు గేరు వేసేవాడు. ఖాళీ బిందె ఎదురొచ్చినా పక్క నుంచి పోనిచ్చేవాడు. పెద్దవాళ్ళ శకునాలు పెద్దవేమోలే అని సరిపెట్టుకున్నాను.

ఆలస్యాల కబురు చివరికి బస్సు యజమాని జగన్నాధం గారి చెవిన పడింది. తొలకరి రోజుల్లో ఆయనే స్వయంగా బస్సెక్కి సూరయ్య వెనకాల కూర్చున్నారు. "ఇయాల దారిలో ఒక్కచోట ఉత్తినే ఆపితే తాళం నా చేతికిచ్చి ఇంటికి పో" అన్నారు. సూరయ్యకు ఇంటి నిండా పిల్లలు. స్టీరింగు తప్ప మరో విద్య లేదు. ఆ పూట ఏ జంతువూ నిద్ర లేవకూడదని ముఖలింగేశ్వరుడికి మొక్కుకున్నాను.

దేవుడు ఏ పనిలో ఉన్నాడోగానీ, చెరువు పక్క మలుపు తిరగగానే రోడ్డంతా తాబేళ్ళు. రాత్రి వానకు నీళ్ళలోంచి లేచి, గుడ్లు పెట్టడానికి అవతలి గట్టుకు ఊరేగింపుగా బయల్దేరాయి. వాటికి తొందరేమీ లేదు. బస్సు ఆగింది.

"ఇప్పుడేటి శకునం?" అన్నారు జగన్నాధం గారు, పళ్ళు కొరుకుతూ.

నేను వంగి సూరయ్య చెవిలో గొణిగాను. "మావా, శ్రీకూర్మంలో తాబేలే దేవుడు గదా. స్వామి ఎదురొచ్చాడని సెప్పీ. బతికిపోతావు."

"దేముడి మీద అబద్ధమాడలేన్రా" అన్నాడు సూరయ్య. తాళం తీసి యజమాని చేతిలో పెట్టాడు. "శకునం లేదు, గికునం లేదు బాబూ. నాను వీటి మీంచి తోలలేను. అంతే."

అప్పుడు గున్నమ్మ గంప దించింది.

"నాకెప్పుడో తెలుసు. తుమ్మితే ఆగనోడికి శకునాలేటి? ఈడు జంతువుల కోసం ఆపతన్నాడు, మన కోసం కోతలు కోస్తన్నాడు."

"తెలిసీ నన్నన్ని తిట్లు తిట్టావేటప్పా?" అన్నాడు సూరయ్య.

"సేపలు పాడైపోతే తిట్టనేటి? దిగండి, సూస్తారేటి అందరూ!"

చీర బిగించి, ఒక్కొక్క తాబేలునూ ఎత్తి అవతలి గట్టు మీద దించసాగింది. సోములు దిగాడు. అల్లుడు వద్దన్న పెద్దాయన దిగాడు. "షావుకారూ, ఆ పెద్దదాన్నందుకో, నా నడుం పట్టీసింది!" అని గున్నమ్మ కేకేస్తే, జగన్నాధం గారు ఏం చేస్తున్నారో తెలియకుండానే అందుకున్నారు. అది ఆయన ఇస్త్రీ పంచె మీద నిదానంగా, నిండుగా అభిషేకం చేసింది.

ఆయన పంచె వంక చూసుకుని, సూరయ్య వంక చూశారు. "ఇన్నాళ్ళూ ఈ అబద్ధాలెందుకురా?"

"తాబేలు సచ్చిపోతాది, ఆపుతానంటే ఎవులూరుకుంటారు బాబూ? మీ పని సెడిపోతాదంటే నోరు మూసుక్కూకుంటారు."

జగన్నాధం గారికి నవ్వాగలేదు. నవ్వుతూనే తాళం వెనక్కిచ్చారు. "సరే, రోజూ ఇలా మోస్తామా మరి?" అన్నారు.

దానికి జవాబు సోములు దగ్గరుంది. "ఈ రోడ్డు కిందని తూముండేది బాబూ. ఎప్పుడూ అందులోంచే ఎల్లీవి. తారేసినప్పుడు మట్టితో పూడిపోనాది."

మర్నాడు ఆయన మనుషుల్ని పంపారు. తూములో మట్టి తవ్వించి, తాబేళ్ళు రోడ్డెక్కకుండా రెండు పక్కలా తాటిమట్టలతో దడి కట్టించారు. దడి వెంట నడుచుకుంటూ అవి తూము దాకా వెళ్ళి కింద నుంచి దాటిపోయేవి. అక్కడ బస్సు ఆపాల్సిన పనే లేకుండా పోయింది.

అయినా ఆగేది. ఇప్పుడు ఆపమని గోల పెట్టేది జనమే. గున్నమ్మ చేపల గంప నా ఒళ్ళో పడేసి దిగి, తూములోకి తొంగి చూసేది. లోపల తాబేలుంటే అది అవతల తేలేదాకా నడుం మీద చెయ్యేసుకుని నిలబడేది. సూరయ్య హారను కొట్టి విసుక్కునేవాడు.

"అప్పా, ఆలస్యమైపోతన్నాది! నీ సేపలు కంపు కొడతాయి!"

"కొడితే కొట్టనీ. ఆగవయ్యా, దాని తోక ఇంకా లోపలే ఉన్నాది" అనేది. అది దాటాక బస్సెక్కి, నేను నోరు తెరిచేలోపే తనే "రైట్, రైట్!" అని అరిచేది.