దేవకుమారి చేతిలో ఆసుల జత

అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఆదివారం ఆరాధన ముగిశాక మా తెలుగు చర్చివాళ్ళు కాసేపు కాఫీ తాగి ఇళ్ళకు వెళ్ళిపోతారు. దేవకుమారి మాత్రం అక్కడికి దగ్గరలోనే ఉన్న మోహన్‌గారి ఇంటికి వెళుతుంది. వాళ్ళ బేస్‌మెంట్‌లో మధ్యాహ్నంపూట పోకర్ ఆడతారు. డబ్బు పెట్టరు, రంగు బిళ్ళలతోనే ఆట. చేతికి తలా రెండు ముక్కలు, అందరికీ కలిపి మరో అయిదు బల్లమీద విడతలుగా తెరుస్తారు; పందెం కట్టనివాళ్ళు ముక్కలు పారేసి తప్పుకుంటారు. ఈ సంగతి ఆమె మొదట్లోనే పాస్టరుగారికి చెప్పింది. ఆయన కాస్త ఆలోచించి, "ఆటలో కోపం రాకుండా చూసుకోండమ్మా" అన్నారట, అంతే.

దేవకుమారిది నరసాపురం దగ్గర పల్లె. ఇక్కడ ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని. సూది గుచ్చే ముందు ఎవరినైనా వాళ్ళ పిల్లల గురించో కుక్క గురించో అడుగుతుంది. వాళ్ళు జవాబు చెబుతుండగానే పని అయిపోతుంది. పోయిన ఏడాది ఆమెకే రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు, జుట్టంతా రాలి మళ్ళీ వచ్చింది. దేవుని దయవల్ల పరీక్షలన్నీ బాగా వచ్చి తిరిగి డ్యూటీలో చేరింది.

ఆ రోజుల్లో చుట్టుపక్కలవాళ్ళు ఆమెను చూసుకున్న తీరు మరిచిపోలేనిది. మోహన్‌గారి భార్య గిరిజ కారం లేని చారు కాచి గుమ్మంలో పెట్టి, నిద్ర చెడగొట్టకూడదని బెల్ కొట్టకుండానే వెళ్ళిపోయేది. మంచు కురిసిన రోజుల్లో దేవకుమారి లేచేసరికే ఇంటి ముందు దారి శుభ్రంగా ఉండేది. ఆ మంచు ఎవరు ఎత్తిపోసేవారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు పాస్టరుగారు ఇప్పటికీ ఆమె పేరు చదువుతారు. అందుకు ఆమె లోలోపల కృతజ్ఞత చెప్పుకుంటుంది.

జబ్బుకు ముందు ఆ బేస్‌మెంట్‌లో తలా కాసిని బిళ్ళలతో ఆట మొదలయ్యేది. దేవకుమారి ముక్కలు పారేస్తూ ఓపిగ్గా కూర్చునేది. ఆసులో రాజులో జతగా వచ్చాయంటే తన కుప్పంతా ఒక్కసారిగా ముందుకు తోసేది. కుప్ప చిన్నది కనుక అది మంచి పద్ధతే. ఎదుటివాళ్ళు ఇంకో ముక్క చూసేలోపే వాళ్ళను తేల్చుకోమనడం అన్నమాట. అందరూ ఆమెకు భయపడేవారు.

ఆమె రాని నెలల్లో మోహన్ ఒక మార్పు చేశాడు. తొందరగా ఓడిపోయినవాళ్ళు సోఫాలో ఫోను చూసుకుంటూ దిగాలుగా కూర్చుంటున్నారని, అందరికీ ఇదివరకటికంటే అయిదింతల బిళ్ళలు ఇవ్వసాగాడు. ఇప్పుడు ఒక్కొక్కరి ముందూ చేటెడు బిళ్ళలు. సాయంత్రందాకా ఎవరూ లేచిపోనక్కర్లేదు.

దేవకుమారి తిరిగి వచ్చి పాత పద్ధతిలోనే ఆడింది. పెద్ద జత చేతిలో ఉంటే చాలు, అంత పెద్ద కుప్పనూ తోసేసింది. అందరూ ముక్కలు పారేశారు. అలా వరసగా రెండు ఆదివారాలు ఆమే గెలిచింది. మూడో ఆదివారం ఆమెకు రాజుల జత వచ్చింది. బల్లమీద తొమ్మిది, ఆరు, రెండు తెరిచారు. ఆమె అంతా తోసింది. ఆ గుంపులో పెద్దాయన లక్ష్మీపతిగారు బుర్ర గోక్కుని ముక్కలు విసిరారు. ఆయన స్వెటరు చెయ్యి తగిలి ఆ రెండు ముక్కలూ వెల్లకిలా పడ్డాయి. రెండూ తొమ్మిదులే. బల్లమీద ఉన్నదానితో కలిపితే మూడు తొమ్మిదులు. ఆమె రాజులు వాటి ముందు నిలవవు.

"అంకుల్, గెలిచే ముక్కలు పారేశారేంటి?" అంది దేవకుమారి.

"అయ్యో, చూసుకోలేదమ్మా. కళ్ళజోడు మేడమీద మర్చిపోయొచ్చాను."

"కళ్ళజోడు మీ ముక్కుమీదే ఉందండీ."

పక్కనున్న తేజేశ్వర్ కిసుక్కున నవ్వి, వెంటనే మూతి బిగించాడు. అందరిలోకీ చిన్నవాడు, వరంగల్ వైపువాడు. ఆమె అతనివైపు తిరిగింది.

"నువ్వు కూడానా తేజా?"

"ఒక్కసారే అక్కా. పోయిన వారం."

"ఏం పారేశావు?"

"అయిదు వరస ముక్కలు పడ్డయి. నీ ముఖం చూసి పారేసిన."

మోహన్ పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. ఇక ఆయన్ని అడగనక్కర్లేదు.

"నిన్ను ఓడించానని తెలిస్తే మా ఆవిడ నాకు అన్నం పెట్టదమ్మా" అన్నారు లక్ష్మీపతిగారు, నవ్వులోకి దించాలని.

ఆమె నవ్వలేదు. "నేను రోజంతా నిలబడి డ్యూటీ చేస్తున్నాను అంకుల్. డాక్టరు నన్ను వదిలేశాడు, మీరే వదలడం లేదు. నాకోసం ప్రార్థన చేయండి, చారు పంపండి, కళ్ళకద్దుకుంటాను. కానీ వచ్చే వారం కూడా ఎవరైనా నన్ను చూసి మంచి ముక్కలు పారేశారో, నేనింక ఈ మెట్లు దిగను. నిజంగా చెబుతున్నాను."

ఇంటికి వచ్చి భర్త సామ్యూల్‌కు చెప్పింది. ఆయనకు పేకలో ఏ ముక్క ఏదో కూడా తెలియదు.

"ఓడించలేదని కోపమా కుమారీ? వినడానికే వింతగా ఉంది."

"మీకేం తెలుసు. రెండు వారాలు నేనేదో గెలిచాననుకుని మురిసిపోయాను."

"వాళ్ళు ప్రేమకొద్దీ చేశారు."

"ప్రేమ కాదన్నానా? అక్కడ కూర్చుంటేనే నాకు ఒంట్లో బాగున్నట్టు అనిపిస్తుంది. అదీ లేకపోతే ఎలా?"

ఆ వారమంతా ఆమె వంటింటి బల్లమీద పేక పరుచుకుని కూర్చుంది. వాళ్ళు జాలి పడకపోతే తాను ఎప్పుడో మునిగేదాన్నని తెలుసుకుంది. కుప్ప చిన్నదైనప్పుడు ఆసుల జత మహారాజే. కుప్ప పెద్దదైతే అది ఒక్క జత మాత్రమే. అంత పెద్ద కుప్పను తోస్తే, దానికంటే పెద్దది చేతిలో ఉన్నవాడే ఎదురు నిలబడతాడు, తక్కినవాళ్ళు తప్పుకుంటారు. గెలిస్తే గుప్పెడు, ఓడితే సర్వం. అదే చిన్న జతలు, ఒకే రంగు వరస ముక్కలు ఇప్పుడు పనికొస్తాయి. తక్కువ బిళ్ళలతో బల్లమీది ముక్కలు చూడవచ్చు. కలిసొస్తే ఎదుటివాళ్ళ పెద్ద కుప్ప దక్కుతుంది, రాకపోతే వదిలేయవచ్చు. వీలైనంతవరకూ అందరూ ఆడిన తరవాత తన వంతు వచ్చేటప్పుడే ఆటలోకి దిగాలి. ఒక్క జతే ఉన్నప్పుడు పందెం పెరగనివ్వకూడదు. ఇవి అర్థమయ్యాక పేక సర్దేసి బైబిలు చదువుకుని పడుకుంది.

నాలుగో ఆదివారం ఆమె ఆడిన తీరు చూసి మోహన్ రెండుసార్లు కనుబొమలెత్తాడు. అయిదుల జతతో తక్కువలో చూసింది, కలవకపోతే పారేసింది. లక్ష్మీపతిగారు ఒక పందెం గెలిచి, "సారీ అమ్మా" అన్నారు.

"సారీ ఏంటండీ, లాక్కోండి."

ఆయన బిళ్ళలు లాక్కున్నారు గాని, దొంగతనం చేస్తున్నవాడిలా లాక్కున్నారు. అది నిజంగా ఆడటమో, చిన్న పందెం కనుక ఆమె మాటకోసం ఆడినట్టు చేయడమో ఆమెకు తెలియలేదు. పెద్ద పందెంలోనే తేలాలి.

చాలాసేపటికి ఆమెకు రెండు ఆసులు వచ్చాయి. కొంచెం పెంచింది. తేజేశ్వర్ ఒక్కడే నిలబడ్డాడు. బల్లమీద ఏడు, ఎనిమిది, తొమ్మిది తెరుచుకున్నాయి. ఆమె మరికాసిని పెట్టింది. అతను దానికి మూడింతలు పెట్టాడు. పాత దేవకుమారి అయితే అక్కడే అంతా తోసేది. ఆమె అతను పెట్టినంత పెట్టి ఊరుకుంది. నాలుగో ముక్క రెండు. ఆమె ఏమీ పెట్టలేదు. తేజేశ్వర్ తన కుప్పనంతా రెండు చేతులతోనూ ముందుకు నెట్టాడు.

"తేజా..." అన్నాడు మోహన్ మెల్లగా.

"ఏంది అన్నా? ఆడమన్నది గదా, ఆడుతున్న" అన్నాడు తేజేశ్వర్, తల ఎత్తకుండా. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. ఇంట్లో వాళ్ళమ్మతో వీడియో కాల్‌లో ఉన్నప్పుడు, ఈ అక్కకు ఆపరేషన్ అయిందని చెప్పి, దేవుడికి దండం పెట్టమన్న కుర్రాడు. ఇప్పుడు ఆమె ముందున్నదంతా తీసుకోవడానికి కూర్చున్నాడు. అతని చేతిలో వరస ఉండవచ్చు, మూడు ఏడులు ఉండవచ్చు, ఏమీ లేకపోనూ వచ్చు. ఆమె దగ్గరున్నది ఒక్క జత. ఇంతవరకూ పెట్టింది కుప్పలో కొద్ది భాగమే.

రెండు ఆసులనూ తిప్పి అందరికీ కనబడేలా పెట్టి, చేతులు తీసేసింది.

"ఆసులు పారేసిందిరా బాబూ!" అని లక్ష్మీపతిగారు కుర్చీలోంచి సగం లేచారు.

"నీ దగ్గర ఏముంది తేజా?" అందామె.

"చెప్ప."

"ఒక్క ముక్కన్నా చూపించు."

"చూడాలంటే కట్టాల్సింది అక్కా. ఊకె ఎవరన్నా చూపిస్తరా?" అని తన ముక్కల్ని బోర్లాగానే పేకలో దూర్చేసి, బిళ్ళలన్నీ తనవైపు లాక్కున్నాడు.

"చూపిస్తే నీ సొమ్మేం పోతుందిరా!" అన్నాడు మోహన్.

"చూపించొద్దు" అంది దేవకుమారి. ఆమె కళ్ళు చెమర్చేలా నవ్వుతోంది. "ఎంత అడిగినా చూపించొద్దు. నీ సంగతి తరవాతి ఆటలో చూస్తాను." తన వంతు బిళ్ళలు లెక్కపెట్టి బల్లమధ్యకు జరిపింది.